కొత్తవాళ్ళ కోసం దాచిన తప్పు

తప్పు మీదే. హాస్పిటల్‌ది కాదు, బస్ స్టేషన్ మేనేజరుది కాదు, పక్కింటి పిల్లిది అంతకన్నా కాదు. గొంతుపెట్టె ప్రాజెక్టులో ఉచితంగా సేవ చేస్తున్నామని, ఎవరి దగ్గరా ఏమీ ఆశించట్లేదని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పుకునే మీరే ఒక మనిషి నోట్లో మాటని ఏళ్ళ తరబడి అడ్డంగా పట్టుకుని కూర్చున్నారు. చేతకాక కాదు. చేతనయ్యీ కూర్చున్నారు. ఇప్పుడు జరిగింది వినండి. మధ్యలో "అలా కాదండీ" అని లేవకండి.

అక్క బస్ స్టేషన్లో అనౌన్సరు. ఆవిడ గొంతు ఎలాంటిదంటే, బెంచీ మీద గురక పెట్టేవాడు కూడా తన బస్సు నంబరు వినపడగానే లేచి చెప్పులు వెతుక్కునేవాడు. ఆ గొంతులో గడ్డ లేచింది. డాక్టర్లు గడ్డతోపాటు గొంతూ తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. పోయిన మాటకి బదులు హాస్పిటల్ వాళ్ళు ఒక పెట్టె ఇచ్చారు, మీ గొంతుపెట్టే. సబ్బుపెట్టెకి అన్న, ఇటుకకి తమ్ముడు, అంతుంటుంది. దాని మీద చిన్న కీబోర్డు. టైపు చేసి నొక్కితే పెట్టె మాట్లాడుతుంది. టైపు చేసే ఓపిక లేకపోతే ఎడమ పక్క ఆకుపచ్చ మీట ఉంది, నొక్కితే "సరే" అంటుంది. కుడి పక్క ఎర్ర మీట, అది "వద్దు" అంటుంది.

పెట్టెకి ఉన్న జబ్బు ఒకటే. ఒక మాట వెనకబడి మాట్లాడుతుంది. ఇప్పుడు టైపు చేసింది కడుపులో దాచుకుంటుంది. ఇంకో మాట టైపు చేసి నొక్కితే అప్పుడు మొదటిది కక్కుతుంది.

బావకి తాళంచెవుల కొట్టు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇంట్లో ఆఖరి మాట ఆయనదయ్యింది ఈ పెట్టె పుణ్యాన్నే. ఒక రోజు ఏదో మాటామాటా వచ్చింది. అక్క గబగబా టైపు చేసి నొక్కింది. పెట్టె అప్పుడే ఆన్ చేసింది, కడుపు ఖాళీ, కిక్కురుమనలేదు. "చూశావా, జవాబు లేదు నీ దగ్గర" అని బావ మురిసిపోయి దుప్పటి కప్పుకున్నాడు. పొద్దున్న అక్క కాఫీ గ్లాసు పట్టుకొచ్చి "తీసుకోండి" అని నొక్కగానే పెట్టె, "మీ వంశంలోనే లేదు ఆ తెలివి" అంది. బావ చెయ్యి గ్లాసు దాకా వెళ్ళి ఆగిపోయింది.

ఇంట్లో అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. బస్ స్టేషన్లో ఎలా? ఫలానా ప్లాట్‌ఫాం మీద ఫలానా బస్సు సిద్ధంగా ఉందని అక్క నొక్కితే, ఆ బస్సు వెళ్ళిపోయి ఇంకో బస్సు వచ్చాక ఆ కబురు మైకులోంచి వచ్చేది. జనం పెట్టెలూ బుట్టలూ ఈడ్చుకుంటూ పరిగెత్తి, ఖాళీ ప్లాట్‌ఫాం మీద నిలబడి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకునేవాళ్ళు.

అందుకని అక్క ఒక ఉపాయం కనిపెట్టింది. ఏం చెప్పాలన్నా టైపు చేసి నొక్కి, వెంటనే ఆకుపచ్చ మీట కూడా నొక్కుతుంది. "సరే" లోపలికెళ్ళి అసలు మాటని బయటికి తోస్తుంది. మాట బయటపడింది, బాగానే ఉంది. కానీ ఆ "సరే" ఎక్కడికి పోతుంది? కడుపులో కూర్చుంటుంది. ఇక ఎవరు ఏమడిగినా అక్క నోటి నుంచి ముందు "సరే" వస్తుంది, ఆ తర్వాత అసలు జవాబు. జనం తర్వాతి జవాబు దాకా ఎందుకాగుతారు? తమకి కావలసిన మాట వినపడ్డాక ఆగే మనిషిని మీరెక్కడైనా చూశారా?

పక్కింటావిడ ఊరెళుతూ, "మా పిల్లిని కాస్త చూస్తారా?" అంది. పెట్టె "సరే" అంది. "కుదరదండీ" అనేది బయటికొచ్చేసరికి పిల్లి అక్క చేతుల్లో ఉంది, ఆవిడ వీధి చివర ఉంది.

అది పిల్లి కాబట్టి పోనీ అనుకున్నారు. మరుసటి వారం మేనేజరు అక్క గదిలోకి వచ్చి, "ఇంత కష్టంలో మీకీ ఉద్యోగమెందుకమ్మా, మీ అంతట మీరే రిటైరవుతారా?" అని అడిగాడు. అక్క తల అడ్డంగా ఊపుతూ "చచ్చినా అవను" అని టైపు చేసి నొక్కింది. పెట్టె "సరే" అంది.

మేనేజరు పెన్ను మూత పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెనకాల పెట్టె గోడలకి చెప్పుకుంది, "చచ్చినా అవను" అని.

అక్క అప్పీలు పెట్టింది. మేనేజరు న్యాయంగానే ఉన్నాడు, ఆయన లెక్కలో. "నోటితో అన్న మాట నోటితోనే వెనక్కి తీసుకోవాలి. ఇది అనౌన్సరు ఉద్యోగం. రాసి చూపిస్తానంటే రాతపని సెక్షనుకి వెళ్ళాలి, అక్కడ ఖాళీల్లేవు. ఇంకో సంగతి, మొదట వచ్చిన జవాబే జవాబు. తర్వాత వచ్చేవన్నీ సర్దుబాట్లు" అన్నాడు.

"సరే" బదులు ఎర్ర మీటతో తోద్దామని అక్క ఒక పూట ప్రయత్నించింది. "వద్దు. మూడో ప్లాట్‌ఫాం మీద బస్సు బయల్దేరుతోంది" అని మైకులో వచ్చేసరికి ఎక్కినవాళ్ళంతా దిగిపోయారు. అప్పీలు రోజున మొదటి ప్రశ్న ఏం వేస్తారో ఎవరికి తెలుసు? రిటైరవుతారా అంటే సరే అనకూడదు. ఉద్యోగం కావాలా అంటే వద్దు అనకూడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో ఇటుకకి తమ్ముడు.

ఇదిగో, ఇక్కడ చెల్లెలు దిగింది.

చెల్లెలు లిఫ్టు మెకానిక్కు. నొక్కిన అంతస్తుకి కాకుండా అంతకుముందు నొక్కిన అంతస్తుకి వెళ్ళే లిఫ్టుల్ని చాలానే దారిలో పెట్టింది. "అక్కా, ఇది పెద్ద జబ్బేం కాదు. వరస తప్పింది, అంతే" అంది పెట్టెని తిరగేసి చూస్తూ. పెట్టె అడుగున చిన్న అక్షరాలతో రాసుంది: ఇందులోని సాఫ్ట్‌వేర్ అందరిదీ, ఎవరైనా విప్పి చూడొచ్చు, ఎవరైనా బాగుచేసి పంపొచ్చు.

"అందరిదీ అంటే?" అన్నాడు బావ.

"అందరిదీ అంటే మనదీనూ."

"అందరి సొమ్ముకీ తాళం ఉండదు, గమనించావా" అన్నాడు బావ, వృత్తిరీత్యా బాధపడుతూ.

మరి ఇంట్లోనే బాగుచేసి పెట్టెలో పెట్టేసుకోవచ్చుగా అంటారేమో. హాస్పిటల్ వాళ్ళు పెట్టెకి సీలేశారు. ప్రాజెక్టు వాళ్ళు శుక్రవారం శుక్రవారం విడుదల చేసే కొత్త కూర్పునే అది తనంతట తాను దింపుకుంటుంది. ఇంట్లో వండింది ముట్టదు. అందుకని బాగుచేస్తే అక్కడే, అందరి కోడులోనే చేయాలి.

చెల్లెలు ప్రాజెక్టు గుమ్మం తొక్కింది. గుమ్మంలోనే పెద్ద స్వాగతం. మీకేం రాకపోయినా రండి, తప్పు చేసినా ఏమీ అనుకోం, అడగడానికి సిగ్గుపడకండి. చెల్లెలు సిగ్గుపడకుండా అడిగింది. కోడు దింపుకోవడం రాలేదు, నత్త అనే ఆయన ఓపిగ్గా చెప్పాడు. దింపుకున్నది నడవలేదు, ఏదో పాత సామగ్రి తన కంప్యూటర్లో లేదని రెండోకన్ను అనే ఆవిడ పట్టుకుంది. అక్కడ ఎవరికీ సొంత పేర్లు లేవు. అందరి మీదా ఉన్న పెద్దాయన పేరు గొళ్ళెం. ఏ మార్పు లోపలికి రావాలన్నా ఆయనే తలుపు తీయాలి. అంత మంచివాళ్ళని చెల్లెలు జన్మలో చూడలేదు. ఆ మంచితనమే కొంప ముంచింది.

బగ్గు, అదే కోడులో ఉన్న తప్పు, దొరకడానికి ఒక ఆదివారం పట్టింది. రెండు వరసలు తారుమారుగా ఉన్నాయి. ముందు కడుపులో ఉన్నది పలికి, తర్వాత కొత్తది దాచుకుంటోంది. ముందు దాచుకుని తర్వాత పలికితే చాలు. కింద వరస పైకి, పై వరస కిందకి. చెల్లెలు మార్చి పంపింది. చివర ఒక ఖాళీ గీత ఎక్కువయ్యిందని రెండోకన్ను వెనక్కి పంపింది. గీత తీసి మళ్ళీ పంపింది. గొళ్ళెం తలుపు తీశాడు.

"మీ మొదటి మార్పు లోపలికి వచ్చింది. అభినందనలు" అని గొళ్ళెం రాశాడు. దాని కింద నత్త చప్పట్లు కొట్టాడు, రెండోకన్ను పూలగుత్తి బొమ్మ పెట్టింది, ఎప్పుడూ చూడనివాళ్ళు కూడా వచ్చి కళ్ళు చెమ్మగిల్లాయన్నారు. లిఫ్టు పైకప్పు మీద కూర్చుని ఫోన్లో అది చదివిన చెల్లెలు, కింద బటన్ నొక్కి నిలబడ్డవాళ్ళని కాసేపు మర్చిపోయింది.

శుక్రవారం పెట్టె కొత్త కూర్పు దింపుకుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. పిల్లి కూడా.

"ఇప్పుడెలా ఉందక్కా?" అంది చెల్లెలు.

అక్క టైపు చేసి నొక్కింది. పెట్టె "సరే" అంది. ఆకుపచ్చ మీట నొక్కింది. "ఎప్పట్లాగే ఏడ్చింది" అంది పెట్టె.

చెల్లెలు పరుగున వెళ్ళి కోడు చూసింది. రెండు వరసలూ మళ్ళీ తారుమారు. పక్కన గొళ్ళెం రాసిన ముక్క: తర్వాతి కొత్తవాళ్ళ కోసం యథాస్థానంలో పెట్టడమైనది.

ఇంకొంచెం వెనక్కి వెళ్ళి చూసింది. తన ముందు ఎంతోమంది ఆ రెండు వరసల్నీ సరిచేశారు. ప్రతివాళ్ళకీ అభినందనలు, చప్పట్లు, పూలగుత్తి. ఆ మర్నాడు మళ్ళీ రెడ్డొచ్చె మొదలాడు. ఆ బగ్గు మీద "కొత్తవాళ్ళ కోసం" అని ఒక చీటీ. ఊళ్ళో పిల్లలందరూ ఈత నేర్చుకోవాలి కాబట్టి ఒకణ్ణి నీళ్ళలోనే ఉంచి, రోజుకొకళ్ళ చేత లాగించి, చప్పట్లు కొట్టి, మళ్ళీ తోసేసినట్టు.

చెల్లెలు గొళ్ళేన్ని నిలదీసింది. మాటలు ఇలా నడిచాయి.

"ఎందుకు వెనక్కి తిప్పారు?"

"తేలికైన బగ్గు ఒక్కటైనా లేకపోతే కొత్తవాళ్ళు ఎలా వస్తారండీ?"

"కొత్తవాళ్ళు ఎందుకు రావాలి?"

"రాకపోతే ప్రాజెక్టు చచ్చిపోదూ?"

"వచ్చి ఏం చేస్తారు?"

"ఆ బగ్గు సరిచేస్తారు."

చెల్లెలు ఫోను బల్ల మీద పెట్టి, పిల్లిని ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత మళ్ళీ రాసింది, "మీలో ఈ పెట్టెతో మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"లేరండీ. దేవుడి దయవల్ల మాకందరికీ గొంతులున్నాయి."

"అయితే నేనే మళ్ళీ సరిచేస్తాను, ఈసారి అలాగే ఉంచండి."

"అయ్యో, మీరిప్పుడు కొత్తవాళ్ళు కాదు కదండీ. కొత్తవాళ్ళ నోటి దగ్గర ముద్ద లాక్కోవడం మా పద్ధతి కాదు. మీ స్థాయికి తగ్గ కష్టమైన బగ్గులు బోలెడున్నాయి. మీరింకా ఏమైనా గట్టిగా చెప్పుకోవాలంటే, నెలనెలా మేం ఆన్‌లైన్లో కలుస్తాం, అందులో కొత్తవాళ్ళు ఏం కోరినా వింటాం."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి వరమిస్తాడు, మర్నాడు వచ్చి పట్టుకుపోతాడు.

"కొత్తవాళ్ళు కోరితే వింటారట" అంది చెల్లెలు.

బావ పిల్లి వంక చూశాడు. పిల్లి అక్క వంక చూసింది. అక్క పెట్టె దగ్గరికి లాక్కుంది.

ఆ నెల సమావేశం ఆదివారం మధ్యాహ్నం. వంటగది బల్ల మీద కంప్యూటరు, దాని ముందు అక్క, అక్క ముందు పెట్టె. పెట్టె కడుపులో ఎప్పట్లాగే ఒక "సరే". చెల్లెలు పక్కన నిలబడి, "అక్కా, చిన్నచిన్న మాటలు. కంగారుపడకు. ఒక్కొక్క మాటకీ ఆకుపచ్చది నొక్కు" అని చెవిలో నూరిపోసింది. అక్కకి కోపమొస్తే ఆకుపచ్చదీ గుర్తుండదు, ఎర్రదీ గుర్తుండదు. అది చెల్లెలికి తెలుసు.

"కొత్తగా వచ్చినవాళ్ళు రెండు ముక్కలు చెప్పండి" అన్నాడు గొళ్ళెం. మెత్తటి గొంతు, అలిసిపోయిన గొంతు.

అక్క "నేను బస్ స్టేషన్లో అనౌన్సర్ని" అని టైపు చేసి నొక్కింది.

"సరే" అంది పెట్టె.

"సంతోషం. ఏం చేస్తుంటారు?"

అక్క "ఈ పెట్టె మీరు చేసిందే" అని నొక్కింది.

"నేను బస్ స్టేషన్లో అనౌన్సర్ని" అంది పెట్టె.

"ఆహా" అంది రెండోకన్ను. "చాలా స్పష్టమైన గొంతండీ మీది. మా స్వాగతం ఎలా అనిపించింది?"

అక్క పళ్ళు కొరుకుతూ "దాని మూలాన నా ఉద్యోగం పోతోంది" అని నొక్కింది.

"ఈ పెట్టె మీరు చేసిందే" అంది పెట్టె.

అందరూ నవ్వారు. పొగడ్త అనుకున్నారు. నత్త అందుకుని, "ఇంట్లో అందరూ బాగున్నారా?" అన్నాడు.

అక్క "ఆ బగ్గు తీసి పారేయండి" అని నొక్కింది.

"దాని మూలాన నా ఉద్యోగం పోతోంది" అంది పెట్టె.

"అయ్యో, ఇంటి మూలానా?" అన్నాడు నత్త.

చెల్లెలు నెత్తి కొట్టుకుని తనే ఆకుపచ్చ మీట నొక్కింది. "ఆ బగ్గు తీసి పారేయండి" అంది పెట్టె.

"తప్పకుండా ఆలోచిద్దాం" అన్నాడు గొళ్ళెం. ఆలోచిద్దాం అంటే ఏమిటో మీకూ నాకూ తెలుసు. "ఇక ఎప్పుడూ ఉండే ఆఖరి అంశం. అయ్యా, నేను అలిసిపోయాను. ఈ పెత్తనం, ప్రాజెక్టు తాళాలు ఎవరైనా తీసుకుంటారా?"

ఇది ఆయన నెలనెలా అడుగుతాడు. నెలనెలా అందరూ ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. కాసేపాగి ఆయన, "సరే, వచ్చే నెల చూద్దాం" అని ముగిస్తాడు. అది వాళ్ళకి దండకంలో ఆఖరి ముక్కలాంటిది.

ఆ నిశ్శబ్దంలో అక్క ఒళ్ళు మండి, "మీకు సిగ్గుందా?" అని టైపు చేసి గట్టిగా నొక్కింది.

"సరే" అంది పెట్టె.

అటువైపు ఎవరిదో కుర్చీ కిర్రుమంది.

"ఏమన్నారండీ?" అన్నాడు గొళ్ళెం.

అక్క కంగారుగా "నా ఉద్దేశం అది కాదు" అని నొక్కింది.

"మీకు సిగ్గుందా?" అంది పెట్టె.

"లేదమ్మా" అన్నాడు గొళ్ళెం. "లేదు. అందుకే ఇచ్చేస్తున్నాను. ఇన్నేళ్ళకి ఒక్కళ్ళు సరే అన్నారు. ఇప్పుడే పంపుతున్నా, మనసు మార్చుకోకండి."

"నా ఉద్దేశం..." అని పెట్టె మొదలుపెట్టబోయింది, అక్క వేలు తగిలి. చెల్లెలు ఒక్క ఉదుటున పెట్టె మీద దిండు వేసి, దాని మీద పిల్లిని కూర్చోబెట్టింది.

సాయంత్రానికి తాళాలు వచ్చాయి.

"ఎన్ని తాళాలు? డూప్లికేట్లు చేయించనా?" అన్నాడు బావ.

"చేత్తో పట్టుకునేవి కావు బావా."

"పట్టుకోలేనివాటిని తాళాలంటారేమిటి, మా పరువు తీయడానికి కాకపోతే."

చెల్లెలు ఆ రెండు వరసల్నీ మళ్ళీ మార్చి పంపింది. అక్క లోపలికి రానిచ్చింది. "కొత్తవాళ్ళ కోసం" చీటీ పీకేసింది. పీకగానే ప్రాజెక్టంతా గొల్లుమంది. నేను ఆ బగ్గుతోనే లోపలికొచ్చాను, మా పిల్లలకి కూడా చూపిద్దామని దాచుకున్నాను అని నత్త వాపోయాడు. పోనీ బయటివాళ్ళకి తగలకుండా ఒక మూల భద్రంగా ఉంచుదాం అని రెండోకన్ను బతిమాలింది. తాళాలు ఇచ్చేసిన గొళ్ళెం మాత్రం, నిన్న బాగా నిద్రపట్టిందని రాసి వెళ్ళిపోయాడు. ఎవరో రెండు వరసల్నీ మళ్ళీ తిప్పి పంపారు. అక్క రానివ్వలేదు. ఇంకెవరో పంపారు. రానివ్వలేదు.

అప్పుడు అక్క రాసింది. రాతలో ఆవిడకి తడబాటు లేదు. "కొత్తవాళ్ళు కావాలంటే పక్కన కూర్చుని నేర్పండి. మిగతా బగ్గులన్నీ వాళ్ళకి కొత్తవే. ఎవరి నొప్పినో బడిపలక చేసి దాని మీద అక్షరాలు దిద్దించకండి."

ఆ కిందే ఎవరో కొత్త మనిషి వచ్చి, "ఈ బగ్గు ఇంకా ఖాళీగా ఉందాండీ?" అని అడిగాడు.

"లేదు. మీరు ఖాళీగా ఉన్నారు కదా, రండి, వేరేది చూద్దాం" అని రాసింది అక్క. నత్తకి అప్పజెప్పింది. నత్త ఏడుస్తూనే నేర్పాడు.

కొత్త కూర్పు వచ్చేది శుక్రవారం. అప్పీలు విచారణ పెట్టిందీ ఆ శుక్రవారమే.

మేనేజరు గది ముందు నడవలో అక్క, చెల్లెలు, బావ బల్ల మీద కూర్చున్నారు. లోపలికి పిలిచారు. పెట్టె మీద "దింపుకుంటున్నాను" అని చిన్న దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. మేనేజరు కుర్చీ చూపించాడు. దీపం ఆరుతూ వెలుగుతూనే ఉంది. మేనేజరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. జేబులో ఇంకో గుడ్డ ఉంటే ఆయన చేత బూట్లు కూడా తుడిపించేద్దును అనుకుంది చెల్లెలు. పెట్టె ఒక్కసారి నల్లబడి, మళ్ళీ తెల్లగా వెలిగింది. కడుపులో ఏముందో, అసలేమైనా ఉందో లేదో, పైనుంచి చూస్తే తెలియదు.

"సూటిగా అడుగుతాను. రిటైరవడానికి మీరు ఒప్పుకున్నారు, నిజమే కదా?" అన్నాడు మేనేజరు.

అక్క టైపు చేసింది. నొక్కబోయి చెల్లెలి వంక చూసింది. చెల్లెలు గోడ గడియారం వంక చూసింది. అక్క నొక్కింది.

"ఒప్పుకోలేదు" అంది పెట్టె.

బావ మొహం వెలిగి, వెంటనే వాడిపోయింది. ఇక ఇంట్లో ఆఖరి మాట ఎవరిదో ఆయనకి అర్థమైపోయింది.

"మరి ఆ రోజు సరే అన్నదెవరు?"

"అది అంతకుముందు మీకు చెప్పిన నమస్కారాన్ని బయటికి తోసిన సరే. నా జవాబు మీరు తలుపేసుకున్నాక వచ్చింది. గోడల్ని అడగండి."

మేనేజరు గోడల వంక చూశాడు. అడుగుతాడేమో అనిపించింది ఒక క్షణం. మొదటి జవాబే జవాబని అన్నది తనే. మొదటి జవాబు వచ్చేసింది, ప్రశ్న మీద వేడి ఆరకముందే వచ్చింది. ఇక ఆయనకి పట్టుకోవడానికి కొమ్మ లేదు.

"బాగానే ఉంది. పైవాళ్ళతో మాట్లాడి, నిదానంగా చూద్దాం" అన్నాడు.

ఈ "చూద్దాం" అక్కకి కొత్త కాదు. ప్రాజెక్టులో విని వచ్చింది. బయట ప్లాట్‌ఫాం మీద బస్సు ఇంజను నడుస్తోంది. అప్పీలు తేలేదాకా అక్క గదికి తాళం. ఏ బస్సో, ఎక్కడికో చెప్పేవాళ్ళు లేక జనం ప్రతి కిటికీ దగ్గరా ఆగి అడుగుతున్నారు. ఒక ముసలాయన సంచీ నెత్తిన పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

అక్క లేచింది. టైపు చేసి ఒక్కసారే నొక్కింది. ఆకుపచ్చ మీట జోలికి పోలేదు.

"నిదానం మీకు, బస్సు పోయేది వాళ్ళకి. పైవాళ్ళతో తర్వాత మాట్లాడుకోండి. ముందు నా గది తలుపు తీయించండి. బస్సు కదలకముందే మైకు నా చేతిలో పెట్టండి."